టైమ్ టేబుల్ వేసే ముందు: అనంతపురం జిల్లా హైస్కూళ్ల ప్రధానోపాధ్యాయులకు ఒక డ్రాయింగ్ టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులందరికీ నమస్కారం.

జూన్‌లో బడి తెరవగానే మీ ముందుకు వచ్చే మొదటి పనుల్లో టైమ్ టేబుల్ ఒకటి. అందులో డ్రాయింగ్ పీరియడ్ ఎక్కడ పడుతుంది, పడినా ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నదాని గురించే ఈ ఉత్తరం. నేను మన జిల్లాలోనే ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ చెప్తాను. దీన్ని మీ మీద ఫిర్యాదుగా తీసుకోవద్దని మనవి. పదో తరగతి ఫలితాల టెన్షన్ మీకు ఎంత ఉంటుందో, సమీక్షా సమావేశాల్లో ఎన్ని మాటలు పడాల్సి వస్తుందో స్టాఫ్ రూమ్‌లో కూర్చునే మాకు తెలుసు. కానీ ఆ ఒత్తిడిలో అందరికంటే ముందు పోయేది డ్రాయింగ్ పీరియడే. లెక్కల సిలబస్ మిగిలితే అది లెక్కలకు పోతుంది. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్ష) దగ్గర పడితే రివిజన్‌కు పోతుంది. అధికారులు వస్తున్నారంటే ఆ గంటంతా డ్రాయింగ్ టీచర్ చార్టులు రాస్తూ, స్వాగతం బోర్డు చుట్టూ పూలతీగ వేస్తూ గడపాలి.

ఆ గంటతో పాటు పిల్లలు ఏం పోగొట్టుకుంటున్నారో మీకు వివరంగా చెప్పాలి.

రెండేళ్ల బిడ్డకు బొగ్గు ముక్క దొరికితే గోడ నిండా పిచ్చిగీతలు గీస్తుంది. మూడు నాలుగేళ్లకు ఒక గుండ్రం చుట్టి, దానికే కాళ్లు తగిలించి ‘అమ్మ’ అంటుంది. ఏడెనిమిదేళ్లకు కాగితం అడుగున నేల గీత వస్తుంది. దాని మీద ఇల్లు వస్తుంది. ఆ ఇంటి గోడలోంచి లోపలి పొయ్యి, మంచం, ఉయ్యాల అన్నీ కనిపిస్తాయి. ఆ వయసు పిల్లలు కళ్లకు కనిపించేదాని కంటే తమకు తెలిసినదాన్ని గీస్తారు. ఇంట్లో పొయ్యి ఉందని తెలుసు కాబట్టి పొయ్యి గీస్తారు. పిల్లల బొమ్మల మీద పని చేసినవాళ్లు చాలా దేశాల్లో దాదాపు ఇదే క్రమాన్ని చూశారు.

తొమ్మిది పదేళ్లు దాటేసరికి ఒక మార్పు వస్తుంది. బొమ్మ అచ్చం నిజంలా ఉండాలన్న కోరిక పుడుతుంది. కుక్కను గీస్తే కుక్కలాగే ఉండాలి. కన్ను అంతగా ఎదిగిపోతుంది గానీ చెయ్యి దాన్ని అందుకోలేదు. తాను గీసిన కుక్క మేకలా ఉందని ఆ పిల్లవాడికే తెలుస్తుంది. పక్కవాడు నవ్వుతాడు. అప్పుడు కాగితం మూసేసి ‘నాకు రాదు మేడం’ అంటాడు. ఆ మాట అన్న పిల్లల్లో చాలామంది మళ్లీ జీవితంలో పెన్సిల్ పట్టి బొమ్మ గీయరు. మనలో ఎంతమందిమి పదకొండేళ్ల వయసులో ఆగిపోయామో ఒకసారి గుర్తు చేసుకోండి. పెద్దవాళ్లను మనిషి బొమ్మ గీయమంటే ఈరోజుకీ ఆ వయసు బొమ్మే వస్తుంది.

ఆ వయసు ఏ తరగతిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆరు, ఏడు. సరిగ్గా మన హైస్కూలు గడప తొక్కే వయసు. చెయ్యి పట్టుకుని దాటించాల్సిన ఆ రెండేళ్లలోనే మనం పీరియడ్ తీసేస్తున్నాం. నా బాధంతా ఇక్కడే ఉంది.

పీరియడ్ ఉన్న చోట కూడా ఏం జరుగుతోందో చెప్పకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. ఆరో తరగతిలోకి వెళ్లి ‘మీకు ఇష్టమైన బొమ్మ గీయండి’ అంటే ముప్పాతిక మంది ‘సీనరీ’ గీస్తారు. రెండు మొనదేలిన కొండలు, మధ్యలో ఉదయించే సూర్యుడు, కొండల్లోంచి జారే నీలం రంగు నది, పక్కన గుడిసె, కొబ్బరి చెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. పెన్నలో నిండుగా నీళ్లు పారడం చూసిన పిల్లలు ఎంతమంది? మన కొండలు మొనదేలి ఉండవు. పెద్ద పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి మీద గాలిమరలు తిరుగుతుంటాయి. కొండ కింద శనక్కాయ చేను, డ్రిప్పు పైపులు, చీనీ (బత్తాయి) తోట, కంబళి కప్పుకుని గొర్రెల వెంట నడిచే మనిషి. ఇంత ఉంటే వీటిలో ఒక్కటీ ఆ కాగితం మీదికి రాదు. పిల్లలకు చూపు లేక రావడం లేదనుకుంటే పొరపాటు. బొమ్మ అంటే ఎవరో ముందే గీసిపెట్టినదాన్ని దించడమే అని మనం వాళ్లకు నేర్పాం. బోర్డు మీద మేం గీస్తాం, వాళ్లు దించుతారు. ఎవరిది మాదానికి దగ్గరగా ఉంటే వాళ్లకు ‘వెరీ గుడ్’. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు వచ్చి ఆ పని ఇంకా తేలికైంది.

దించడం పూర్తిగా చెడ్డదని నేను అనను. చేతికి సాధన కావాలి. తోలుబొమ్మలు చేసే ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్ల గీతను ఏళ్ల తరబడి అనుసరించే నేర్చుకుంటారు. అయితే ఆ పిల్లలు పక్కనే కూర్చుని తోలు గీకడం, రంగు అద్దడం, తెర వెనక దీపం పెడితే ఆ బొమ్మ ఎలా వెలుగుతుందో చూడడం, కథ వినడం అన్నీ చేస్తారు. మన తరగతి గదిలో కథా లేదు, తెరా లేదు. దించడం ఒక్కటే మిగిలింది.

‘సీనరీ వద్దు, మీ ఊళ్లో మీరు చూసింది గీయండి’ అని నేను మొదలుపెట్టినప్పుడు కొన్నాళ్లు పిల్లలు బిక్కమొహాలు వేశారు. ‘ఏం గీయల్ల మేడం?’ అని అడుగుతూనే ఉన్నారు. మెల్లగా బొమ్మలు రావడం మొదలైంది. ఒక అబ్బాయి బోరు బండిని గీశాడు. బండి కాగితం పైభాగంలో చిన్నగా ఉంది. మిగతా కాగితమంతా భూమి లోపలి భాగం. ఎర్రమట్టి, దాని కింద గరుసు, దాని కింద బండ, మధ్యలో నిలువుగా దిగే పైపు. కాగితం అయిపోయింది. లేచి వచ్చి, ‘నీళ్లు ఇంగా పడలే మేడం, ఇంగొక పేపర్ ఇయ్యండి’ అన్నాడు. ఇచ్చాను. మొదటి కాగితం కింద అన్నం మెతుకులతో అతికించి పైపును ఇంకా కిందికి దించాడు. రెండో కాగితం చివరికి వచ్చినా నీళ్లు గీయలేదు. వాళ్ల చేన్లో అప్పటికి నీళ్లు పడలేదట.

ఆ బొమ్మను నేను ఎవరికి చూపించినా కాసేపు మాట్లాడరు. అందులో షేడింగ్ లేదు. బండి చక్రాలు గుండ్రంగా లేవు. కొలతల ప్రకారం చూస్తే సున్నా మార్కులు. కానీ మన జిల్లా రైతు బతుకంతా ఒక పదకొండేళ్ల పిల్లవాడు రెండు కాగితాల పొడవునా చెప్పాడు. ఒక కాగితంలో విషయం పట్టకపోతే కాగితాన్నే పెంచాలన్న ఆలోచన ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. సృజన అని మనం సభల్లో వాడే పెద్ద మాట తరగతి గదిలో ఇలా ఉంటుంది.

ఇంకో అబ్బాయిది గొర్రెలు కాసే కుటుంబం. ఒక చిత్రలేఖన పోటీలో గొర్రెల మందను గీశాడు. మంద మొత్తం వెనక నుంచే. తోకలు, పిరుదులు, వెనక కాళ్లు, పైకి లేచిన దుమ్ము. ఒక్క మొహం లేదు. పోటీ చూసినవారు ‘జంతువుల మొహాలు గీయడం రాలేదు’ అని పక్కన పెట్టేశారు. నేను వాణ్ని అడిగితే ‘నేను ఎనకాలే కదా మేడం పోయేది’ అన్నాడు. రోజూ సాయంత్రం వాడికి కనిపించే లోకం అదే. ఆ రోజు బహుమతి బజారులో దొరికే కలర్ బుక్‌లో ఉన్న భారతమాత బొమ్మను శుభ్రంగా దించిన బిడ్డకు వెళ్లింది. ఆ బిడ్డది తప్పని అనడం లేదు. మనం దేనికి చప్పట్లు కొడితే పిల్లలు అదే గీస్తారు.

అందుకే పోటీల గురించి ఒక విన్నపం. ఆగస్టు 15కు, జనవరి 26కు పోటీ పెట్టినప్పుడు అంశాన్ని వారం ముందు చెప్పకండి. చెప్తే ఇంట్లో ఒక బొమ్మను బట్టీ పట్టి వస్తారు. ఆ ఉదయమే, పిల్లలకు దగ్గరి విషయం ఇవ్వండి. ‘మా వీధిలో జెండా పండుగ’, ‘సంత రోజు’, ‘కరెంటు పోయిన రాత్రి’. ముగ్గురికి బహుమతులు ఇచ్చినా సరే, గీసిన ప్రతి బొమ్మా వారం రోజులు గోడ మీద ఉండాలి. అదీ పిల్లల కంటి ఎత్తులో.

స్వేచ్ఛ ఇస్తే సరిపోతుంది, నేర్పడం అక్కర్లేదు అని కొందరంటారు. నేను దానికి ఒప్పుకోను. ‘నాకు రాదు’ అన్న పిల్లవాడికి ‘నీకు వచ్చు, ఇష్టమొచ్చినట్టు గీయి’ అంటే వాడికి ఏమీ సాయం చేసినట్టు కాదు. తన కుక్క మేకలా ఉందని వాడికి తెలుసు. అప్పుడు వాడికి చూడడం నేర్పాలి. నా తరగతిలో పిల్లలు ముందు తమ ఎడమ చెయ్యి గీస్తారు. కాగితం వైపు చూడకుండా, చేతి అంచు మీదే చూపు నిలిపి, చీమ పాకినంత నెమ్మదిగా పెన్సిల్ కదుపుతారు. మొదటిసారి వచ్చే బొమ్మ వంకరగా ఉంటుంది, అందరూ నవ్వుకుంటారు. అందరిదీ వంకరే కాబట్టి ఎవరికీ సిగ్గు ఉండదు. కొన్ని వారాలకు వేలి కణుపు దగ్గర ముడతలు, గోటి పక్కన పుండు మచ్చ కూడా గీతలోకి వస్తాయి. తర్వాత చెప్పు, టిఫిన్ డబ్బా, బయట నిలబెట్టిన సైకిలు. నీడ ఎలా వేయాలో, దూరం పోయే రోడ్డు ఎందుకు సన్నబడుతుందో ఎవరికి ఆ అవసరం వస్తే వాళ్లకు అప్పుడు చెప్తాను. అడిగినప్పుడు చెప్పిన పాఠం చేతిలో నిలుస్తుంది.

బొమ్మ చూపించడానికి వచ్చిన బిడ్డతో ఏం మాట్లాడతామన్నది కూడా నేర్పడంలో భాగమే. ‘బాగుంది’ అని పంపేస్తే ఆ బిడ్డకు తెలిసిందేమీ లేదు. ఎర్ర పెన్నుతో దిద్దితే ఆ కాగితం ఇక తనది కాదు. ‘దీని గురించి చెప్పు’ అంటే చాలు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే పనికి పోయే ఒకమ్మ కూతురు మిషను ముందు కూర్చున్న ఆడమనిషిని గీసింది. చేతులు మాత్రం చాలా పెద్దవి, మనిషిలో సగం ఉన్నాయి. చెప్పమంటే, ‘రాత్రిపూట అమ్మకు చేతులు వాస్తాయి మేడం’ అంది. కొలత తప్పు అని నేను ముందే దిద్ది ఉంటే ఆ మాట నాకు వినపడేది కాదు.

సామాన్లకు డబ్బుల్లేవని మీరు అంటారు. నిజమే. కానీ మన దగ్గర ఉన్నంత రంగు ఎక్కడుంది? 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం గీసినవాళ్లు ఎక్కువగా వాడింది మట్టి నుంచి, సున్నం నుంచి, మసి నుంచి వచ్చిన రంగులే. 2022లో జిల్లాలు విడిపోయాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ అక్కడి కాషాయం, ఎరుపు మన చేన్లలోని మట్టి ఎరుపే. మా పిల్లలు ఎర్రమట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైతేటను వేరే డబ్బాలోకి వంపుతారు. అది ఆరాక మెత్తటి పొడి వస్తుంది. దానికి నానబెట్టిన తుమ్మబంక కలిపితే రంగు సిద్ధం. నలుపుకు బొగ్గు, తెలుపుకు సున్నం. పసుపులో సున్నం కలిస్తే ఎర్రగా మారడం చూసి ఏడో తరగతి పిల్లలు కేకలు పెట్టారు. సైన్స్ మేడం ఆ డబ్బాలనే తీసుకెళ్లి ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పారు. ఉత్త పసుపు ఎండకు వెలిసిపోతుందని కూడా పిల్లలు తామే కనుక్కున్నారు. కాగితానికి పాత జవాబు పత్రాల వెనకవైపు చాలు.

లేపాక్షికి విహారయాత్ర తీసుకెళ్లే బడులకు చిన్న సూచన. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగించి, నంది దగ్గర ఫోటో తీసుకుని వచ్చేయకండి. ఒక అరగంట పిల్లల్ని పైకప్పు కింద కూర్చోబెట్టి, ఆడవాళ్ల చీరల మీది గళ్లు, పూలు, మగవాళ్ల పొడుగు కుళ్లాయిలు ఏవో ఒకటి నోటు పుస్తకంలో దించుకోమనండి. దేవతల కథ గీస్తూ ఆ చిత్రకారులు తమ కాలంలోని బట్టలే తొడిగారని పిల్లలకు అప్పుడు కళ్లారా తెలుస్తుంది. తమ కళ్ల ముందున్న మనుషులను కాగితం మీదికి తేవచ్చన్న ధైర్యం కూడా వస్తుంది. అక్కడి డిజైన్లు ధర్మవరం పట్టు చీరల అంచుల్లోకి దిగాయి. నేతపని చేసే ఇళ్ల పిల్లలు మీ బడిలో ఉంటే వాళ్ల నాన్ననో మామనో పిలిచి గ్రాఫ్ కాగితం మీద డిజైన్ ఎలా వేస్తారో చెప్పించండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక రోజు ఆ ఊరికి వెళ్లి మేకతోలు ఎలా పలచబడి వెలుగును లోపలికి రానిస్తుందో చూసిన పిల్లలు ఆ సంగతి మర్చిపోరు.

ఎదుగుదలను ఎలా కొలవాలన్నది నాకు చాలా ముఖ్యమైన విషయం. ప్రోగ్రెస్ కార్డులో కళావిద్యకు ఒక గడి ఉంటుంది. ఏడాది చివర ఒకే సాయంత్రం కూర్చుని అందరికీ గ్రేడ్లు నింపేస్తారు. నేను పాత దినపత్రికలు మడిచి ప్రతి బిడ్డకూ ఒక సంచి చేయిస్తాను. జూన్ నుంచి గీసిన ప్రతి బొమ్మా తేదీతో అందులో ఉంటుంది. నచ్చనివి కూడా. మార్చిలో వాటిని నేల మీద వరసగా పరిచి, ‘నీకేం మారినట్టు కనిపిస్తోంది?’ అని ఆ బిడ్డనే అడుగుతాను. పక్కవాడి బొమ్మతో పోల్చను. చేతులు వెనక దాచి మనుషులను గీసే అమ్మాయి ఒకరోజు వేళ్లతో సహా చెయ్యి గీసిందంటే, నా దృష్టిలో ఆ ఏడాది మొత్తానికి అదే పెద్ద ఫలితం. ఇలాంటి సంచులు తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల పక్కనే పెట్టించండి. చదువు రాని అమ్మానాన్నలు కూడా వాటిని చదవగలరు.

చట్టం ఏమంటుందో మీకు నాకన్నా బాగా తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్ టైమ్ బోధకులు ఉండాలని రాసి ఉంది. 29వ సెక్షన్ పిల్లలు భయం, ఆందోళన లేకుండా చదవాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్య విషయాలు, పాఠ్యేతర విషయాలు అన్న గట్టి గీత ఉండకూడదంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. వాటిని టైమ్ టేబుల్‌లోకి దించే చెయ్యి మాత్రం మీదే.

ఆ చేతికి ఎంత బలముందో చెప్పడానికి నాకు ఎప్పుడూ రాజమండ్రి గుర్తొస్తుంది. ఆధునిక ఆంధ్ర చిత్రకళ అనగానే మనం దామెర్ల రామారావు పేరు చెప్తాం. 1897లో పుట్టి 1925లోనే పోయిన మనిషి. ఆయనలోని చిత్రకారుణ్ని గుర్తుపట్టి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ దారి పట్టించింది రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. కళాశాల నడిపే పెద్ద, కుర్రవాళ్ల బొమ్మల కోసం తీరిక చేసుకున్నాడు. మన బడుల్లో ఆ కుర్చీలో కూర్చున్నది మీరే.

డ్రాయింగ్ వల్ల మార్కులు పెరుగుతాయా అని అడిగితే, నేను మాట ఇవ్వలేను. జీవశాస్త్రం పటాలు నీటుగా వస్తాయి, సోషల్‌లో మ్యాప్ పాయింటింగ్ తేలికవుతుంది, అంతవరకు చెప్పగలను. కానీ డ్రాయింగ్‌ను వేరే సబ్జెక్టులకు పనిమనిషిగా చూపించి పీరియడ్ అడుక్కోవడం నాకు ఇష్టం లేదు. రోజంతా అడిగినదానికి జవాబు చెప్పే పిల్లలకు, తాము చూసినదాన్ని తామే చెప్పుకునే గంట వారంలో ఒకటైనా ఉండాలి. తెలుగు చదవడంలో వెనకబడి, చివరి బెంచీలో తల దించుకుని కూర్చునేవాళ్లు చాలామంది ఆ గంటలో లేచి ముందుకు వస్తారు. ‘డ్రాయింగ్ కూడు పెడుతుందా’ అని అడిగే తల్లిదండ్రులకు పక్కనే కడపలో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం ఉందని చెప్పండి. అయినా బొమ్మలు గీసే పిల్లలందరూ చిత్రకారులు కావాలని నేనూ కోరుకోవడం లేదు.

అడిగేది పెద్దది కాదు. ఆరు, ఏడు తరగతులకు వారంలో వచ్చే రెండు డ్రాయింగ్ పీరియడ్లు పక్కపక్కన వేయండి. రంగు కలిపి, గీసి, కడుక్కోవడానికి ఒక పీరియడ్ చాలదు. పరీక్షలు దగ్గర పడ్డాక కూడా ఆ రెండు తరగతుల జోలికి పోవద్దు, పదో తరగతి వాళ్లకు సాయంత్రం స్టడీ అవర్ ఎలాగూ ఉంది. వరండాలో ఒక గోడ పిల్లలకు వదలండి. పెయింటర్ వేసిన కార్టూన్లు మిగతా గోడల మీద ఉండనివ్వండి. డ్రాయింగ్ టీచర్ లేని బడి అయితే, ఆసక్తి ఉన్న ఏ టీచరుకైనా ఆ పీరియడ్లు ఇవ్వండి. బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు. పిల్లల పక్కన కూర్చుని ‘దీని గురించి చెప్పు’ అనగలిగితే చాలు, మిగతాది మేం నేర్పిస్తాం. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక అరగంట ఇప్పించండి. ఎర్రమట్టి, తుమ్మబంక, పాత పత్రికలు నేనే పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల డ్రాయింగ్ టీచర్,
అనంతపురం జిల్లా